సీడీ పెట్టే ట్రే లేదు.. అయినా పాఠం ఆగలేదు!

స్కూల్ ల్యాబ్‌లో వర్చువల్ డ్రైవ్ పెట్టడం ఐదు నిమిషాల పని. నలభై మంది పిల్లల మధ్య దాన్ని పద్ధతిగా నడపడమే అసలు పని!

సీడీని చివరిసారి ఎప్పుడు చూశారు? పొలంలో పిట్టల్ని బెదరగొట్టడానికి కర్రకి కట్టి ఉంటే చూశారా? బైకు వెనకాల మెరుస్తూ అతికించి ఉంటే చూశారా? చేతిలో స్మార్ట్‌ఫోన్‌తో పెరిగినవాళ్లకి సీడీ అంటే దాదాపు అంతే. పాటలు ఫోన్లో, సినిమాలు ఫోన్లో, క్లాసులు కూడా ఫోన్లోనే. ఇక దానితో పనేముంది అనిపిస్తుంది.

పనుంది. మీరు చదువుకున్న హైస్కూల్‌కి ఓసారి వెళ్లి, కంప్యూటర్ గదిలో బీరువా తెరిచి చూడండి. సైన్సు ప్రయోగాల సీడీలు, లెక్కల ఆటల సీడీలు, ఇంగ్లిష్ ఉచ్చారణ నేర్పే డీవీడీలు అట్టపెట్టెలో పేర్చి ఉంటాయి. 2000 తర్వాతి పదేళ్లలో బడి కంప్యూటర్ పాఠాలు ఎక్కువగా ఈ రూపంలోనే వచ్చాయి. అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ లాంటి సంస్థలు తెలుగుతో సహా చాలా భారతీయ భాషల్లో ప్రాథమిక పాఠశాలల కోసం విద్యా సీడీలు తయారు చేశాయి. వాటిలో అన్నీ ఇంటర్నెట్‌లోకి ఎక్కలేదు. డిస్కు పోతే పాఠమూ పోయినట్టే.

నేను గోదావరి పక్క ఊళ్లో ఒక హైస్కూల్ కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. ఇరవై కంప్యూటర్లు. పీరియడ్‌కి నలభై మంది. అంటే ఒక్కో కుర్చీ పక్కన ఇంకో కుర్చీ. కొత్తగా వచ్చిన కంప్యూటర్లకి సీడీ పెట్టే ట్రేనే లేదు. పాతవాటికి ట్రే ఉంది గానీ, బటన్ నొక్కితే కొన్ని బయటికి రావు, వచ్చినవి లోపలికి పోవు. "మేడం, సీడీ ఎక్కడ పెట్టాలండీ?" అని పిల్లలు అడిగితే సమాధానం చెప్పాలి కదా. ఆ సమాధానం పేరే వర్చువల్ డ్రైవ్.

లేని డ్రైవ్‌ని ఉన్నట్టు నమ్మించడం

సంగతి సింపుల్. ముందు డిస్కు మొత్తాన్ని ఒకే ఒక్క ఫైల్‌గా కాపీ చేస్తాం. దీన్ని ఇమేజ్ అంటారు. పేరు చూసి ఫొటో అనుకోవద్దు. ఒక పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా, పేజీ నంబర్లతో సహా జిరాక్స్ తీసినట్టు అన్నమాట. ఎక్కువగా కనిపించే రకం ఐఎస్‌ఓ ఫైల్. సీడీలో ఫైళ్లు ఏ వరసలో ఉండాలో చెప్పే ఐఎస్‌ఓ 9660 అనే ప్రమాణం 1988లో వచ్చింది. ఈ ఫైల్‌కి ఆ పేరు అక్కణ్నుంచే వచ్చింది.

తర్వాత వర్చువల్ డ్రైవ్ సాఫ్ట్‌వేర్ రంగంలోకి దిగుతుంది. "ఇదిగో, నీకు ఇంకో సీడీ డ్రైవ్ ఉంది, అందులో ఈ డిస్కు ఉంది" అని విండోస్‌ని నమ్మిస్తుంది. విండోస్ నమ్ముతుంది. పాఠం ప్రోగ్రామ్ కూడా నమ్ముతుంది. ఇలా ఎక్కించడాన్ని మౌంట్ అంటారు, దించడాన్ని అన్‌మౌంట్ లేదా ఎజెక్ట్ అంటారు.

"ఇంత తతంగం ఎందుకు మేడం, సీడీలోవి ఫోల్డర్‌లోకి కాపీ చేసేస్తే పోదా?" అని మా తొమ్మిదో తరగతి అబ్బాయి అడిగాడు. మంచి ప్రశ్న. చాలా డిస్కులకి అది చాలు కూడా. వీడియోలు, పీడీఎఫ్‌లు, బొమ్మలు ఉన్న డిస్కు అయితే ఫోల్డర్‌గా కాపీ చేసుకోండి, వర్చువల్ డ్రైవ్ జోలికే పోవద్దు. కానీ పాత పాఠాల ప్రోగ్రాములు కొన్ని మొండివి. మొదలవ్వగానే "నా సీడీ డ్రైవ్ ఏది?" అని వెతుకుతాయి. హార్డ్ డిస్కులో ఫోల్డర్ చూపిస్తే ఒప్పుకోవు. కొన్నయితే డిస్కు లోపలి పేరు కూడా సరిచూసుకుంటాయి. "దయచేసి సీడీ పెట్టండి" అని తెరమీద చూపించి ఆగిపోతాయి. ఇమేజ్‌లో ఆ పేరు కూడా ఉంటుంది కాబట్టి అలాంటివాటికి అదే మందు.

డిస్కుని కాపాడటానికి ఇమేజ్ తీసి ఉంచడం ఇంకో లాభం. సీడీ కింద వైపు గీతలు పడకూడదని అందరికీ తెలుసు. కానీ సీడీకి అసలు సున్నితమైన వైపు పైది, అంటే పేరు రాసే వైపు. కింద 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ఉంటుంది. పైన మాత్రం సమాచారం ఉన్న పొరకీ మన వేలికీ మధ్య ఒక పల్చటి లక్క పూతే అడ్డం. మన బళ్లలో ప్రతి వస్తువు మీదా స్టాక్ రిజిస్టర్ నంబర్ వేసే అలవాటు ఉంది కదా! ఆ నంబర్‌ని డిస్కు మీద బాల్‌పెన్‌తో అదిమి రాస్తే ఆ పూత దెబ్బతిని, ఆ చోటు చదవకుండా పోవచ్చు. నంబర్ కవర్ మీద రాయండి, డిస్కు మీద కాదు.

విండోస్‌లోనే ఉందిగా!

ఉంది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఐఎస్‌ఓ ఫైల్‌ని డబుల్ క్లిక్ చేస్తే చాలు, దానంతటదే డ్రైవ్‌గా తెరుచుకుంటుంది. విండోస్ 10, 11లో కూడా అంతే. ఏ సాఫ్ట్‌వేరూ వేయక్కర్లేదు. లినక్స్‌లో అయితే ఈ సదుపాయం ఇంకా ముందు నుంచే ఉంది. ఇంట్లో ఒక్క కంప్యూటర్ ఉన్నవాళ్లకి ఇదే సరిపోతుంది. ఆ మాట ముందే చెప్పేస్తున్నా. ఈ ఒక్క ముక్క తెలియక చాలామంది ఎక్కడెక్కడి నుంచో ఉచిత సాఫ్ట్‌వేర్లు తెచ్చి వేసుకుంటున్నారు.

మరి ల్యాబ్‌కి ఎందుకు సరిపోదు? మూడు కారణాలు.

ఒకటి, కరెంటు. మధ్యలో కరెంటు పోయి వస్తే కంప్యూటర్లన్నీ మళ్లీ మొదలవుతాయి. డబుల్ క్లిక్‌తో ఎక్కించిన డిస్కు అప్పటికి దిగిపోయి ఉంటుంది. ఇరవై కంప్యూటర్ల దగ్గరకీ వెళ్లి మళ్లీ ఎక్కించాలి.

రెండు, డ్రైవ్ అక్షరం. విండోస్ ఆ సమయానికి ఏ అక్షరం ఖాళీగా ఉంటే అది ఇస్తుంది. ఒక కంప్యూటర్‌లో రెండు పార్టిషన్లు, ఇంకోదాంట్లో మూడు. మధ్యలో ఎవరో పెన్‌డ్రైవ్ పెట్టారు. ఫలితం ఏంటంటే ఒకరికి ఈ డ్రైవ్, పక్కవాళ్లకి ఎఫ్ డ్రైవ్, ఆ పక్కవాళ్లకి జి డ్రైవ్. "మేడం, నాదాంట్లో ఎఫ్ లేదండీ" అంటూ క్లాసంతా ఒకటే గోల. డెస్క్‌టాప్ మీద పెట్టిన షార్ట్‌కట్లు సగం పనిచేయవు.

మూడు, ఫైల్ రకం. కొన్ని పిల్లల సీడీల్లో ప్రోగ్రామ్‌తో పాటు మామూలు పాటల సీడీ ట్రాకులు కూడా కలిసి ఉంటాయి. అలాంటి డిస్కు ఐఎస్‌ఓలో పూర్తిగా పట్టదు. బిన్, క్యూ అనే జంట ఫైళ్లుగా తీయాలి. విండోస్ సొంత సదుపాయం వాటిని తెరవదు.

అందుకే ల్యాబుల్లో ప్రత్యేకంగా వర్చువల్ డ్రైవ్ సాఫ్ట్‌వేర్ వేస్తారు. డీమన్ టూల్స్, వర్చువల్ క్లోన్‌డ్రైవ్, విన్‌సీడీఎము లాంటివి ఈ రకమే. వీటిలో విన్‌సీడీఎము ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌తో డ్రైవ్‌కి స్థిరంగా ఒకే అక్షరం ఇవ్వొచ్చు. కంప్యూటర్ మళ్లీ మొదలైనా డిస్కు ఎక్కే ఉండేలా చేయొచ్చు. మా ల్యాబ్‌లో అన్నింటికీ వి అక్షరమే. 'వి ఫర్ వర్చువల్' అని పిల్లలకి నోటికొచ్చేసింది. అంత చివరి అక్షరం ఎందుకంటే, పెన్‌డ్రైవ్‌లు ఎన్ని పెట్టినా అక్కడిదాకా రావు.

మామూలు యాప్ లాంటిది కాదు

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఫోన్లో యాప్ వేస్తాం, నచ్చకపోతే తీసేస్తాం. వర్చువల్ డ్రైవ్ అలాంటిది కాదు. లేని పరికరాన్ని ఉన్నట్టు చూపించాలంటే అది విండోస్ లోలోపలి పొరలో, అంటే కెర్నెల్‌లో, డ్రైవర్‌ని దింపాలి. అక్కడ తేడా వస్తే ఒక ప్రోగ్రామ్ ఆగిపోవడంతో సరిపోదు. నీలం తెర వచ్చి కంప్యూటర్ మొత్తం పడిపోవచ్చు. అందుకే ఒకే కంప్యూటర్‌లో రెండు మూడు రకాల వర్చువల్ డ్రైవ్ సాఫ్ట్‌వేర్లు పెట్టొద్దు. ఒకటి చాలు. అదీ తయారుచేసినవాళ్ల సొంత సైట్ నుంచే దించుకోవాలి. ఉచిత సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్లలో కొన్నింటికి ప్రకటనలు, బ్రౌజర్ టూల్‌బార్లు తోకల్లా వస్తాయి. 'నెక్స్ట్, నెక్స్ట్' అని చదవకుండా నొక్కుకుంటూ పోతే అవన్నీ మన నెత్తినే.

తీసేసినప్పుడూ జాగ్రత్త కావాలి. సీడీ రాసే సాఫ్ట్‌వేర్, వర్చువల్ డ్రైవ్ సాఫ్ట్‌వేర్ కొన్ని తీసేశాక కూడా రిజిస్ట్రీలో అప్పర్ ఫిల్టర్స్, లోయర్ ఫిల్టర్స్ అనే ఎంట్రీలు వదిలి వెళ్తాయి. అప్పుడు వింతేంటంటే, నిజమైన డీవీడీ డ్రైవ్ కూడా మాయమవుతుంది. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు, పక్కన కోడ్ 19 అనో 39 అనో వస్తుంది. డ్రైవ్ పాడైందనుకుని కొత్తది కొనేస్తారు కొందరు. డ్రైవ్ బాగానే ఉంటుంది. సీడీ డ్రైవ్‌ల విభాగంలో ఆ రెండు ఎంట్రీలు తీసేసి, కంప్యూటర్‌ని రీస్టార్ట్ చేస్తే చాలాసార్లు తిరిగొస్తుంది. రిజిస్ట్రీ ముట్టుకునే ముందు బ్యాకప్ తీసుకోవడం మాత్రం మర్చిపోవద్దు. ఇది పిల్లల చేత చేయించే పని కాదు.

పెన్‌డ్రైవ్‌లో వచ్చిన వైస్ సిటీ

ల్యాబ్‌లో వర్చువల్ డ్రైవ్ ఉందని తెలిసిన మరుక్షణం పిల్లలకి వచ్చే ఆలోచన ఏంటో ఊహించండి. అవును, గేమ్స్! 2003లో పీసీకి వచ్చిన జీటీఏ వైస్ సిటీకి మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్న క్రేజ్ అంతా ఇంతా కాదు. "అన్నయ్య పెన్‌డ్రైవ్‌లో ఐఎస్‌ఓ ఉంది మేడం, ఒక్కసారి వేసుకుంటామండీ" అని బతిమాలతారు.

ఆట ఆడతారని కాదు నా బాధ. ఆ ఫైల్ ఎక్కణ్నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. ఐఎస్‌ఓ అనేది మూసిన డబ్బా లాంటిది. పైకి ఒకే ఫైల్, లోపల ఏమైనా ఉండొచ్చు. నేరగాళ్లకీ ఈ సంగతి తెలుసు. ఇంటర్నెట్ నుంచి దించుకున్న ప్రతి ఫైల్‌కీ విండోస్ ఒక గుర్తు వేస్తుంది. దాని పేరు మార్క్ ఆఫ్ ద వెబ్. ఆ గుర్తు ఉంటే "ఇది బయట నుంచి వచ్చింది, జాగ్రత్త" అని హెచ్చరిస్తుంది. అయితే ఐఎస్‌ఓకి వేసిన గుర్తు దాని లోపలి ఫైళ్లకి అంటేది కాదు. 2022లో, ఆఫీస్ ఫైళ్లలో ఇంటర్నెట్ మాక్రోలని మైక్రోసాఫ్ట్ అడ్డుకోవడం మొదలుపెట్టాక, మాల్వేర్ ముఠాలు ఐఎస్‌ఓ ఫైళ్ల వైపు బాగా మళ్లాయి. ఆ లోపాన్ని మైక్రోసాఫ్ట్ 2022 నవంబర్ అప్‌డేట్‌తో సరిచేసింది.

సరిచేసింది కదా అని ఊరుకోవడానికి లేదు. అప్‌డేట్లు పెట్టని కంప్యూటర్‌కి ఆ మందు అందలేదు. విండోస్ 7కి మామూలు సపోర్ట్ 2020 జనవరి 14తో అయిపోయింది. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మన బళ్లలో ఇంకా ఇవే ఎక్కువ తిరుగుతున్నాయి. పైగా పెన్‌డ్రైవ్‌లో చేతులు మారి వచ్చిన ఫైల్‌కి ఆ గుర్తు నిలవకపోవచ్చు కూడా. ఒక కంప్యూటర్‌కి అంటుకుంటే నెట్‌వర్క్ మీద మిగతావాటికి పాకడానికి ఎంతసేపు? ఆ ల్యాబ్‌లోనే పిల్లల మార్కులు, స్కాలర్‌షిప్ వివరాలు ఎక్కించే కంప్యూటర్ కూడా ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

కాబట్టి నియమం ఒకటే. పిల్లలకి డిస్కు వాడే హక్కు ఉంటుంది, డిస్కు ఎక్కించే హక్కు ఉండదు. పిల్లల లాగిన్ ఎప్పుడూ స్టాండర్డ్ యూజర్‌గానే ఉండాలి. అడ్మిన్ పాస్‌వర్డ్ టీచర్ దగ్గరే ఉండాలి, మానిటర్ వెనక స్టిక్కర్ మీద కాదు! కొన్ని వర్చువల్ డ్రైవ్ సాఫ్ట్‌వేర్లలో "మౌంట్ చేయాలంటే అడ్మిన్ అనుమతి కావాలి" అనే సెట్టింగ్ ఉంటుంది. అది ఆన్ చేయండి.

ఒక మెలిక ఉంది. విండోస్ సొంత డబుల్ క్లిక్ సదుపాయం స్టాండర్డ్ యూజర్‌కి కూడా పనిచేస్తుంది. దాన్ని ఆపాలంటే గ్రూప్ పాలసీలో కొత్త పరికరాల ఇన్‌స్టలేషన్‌ని నియంత్రించే చోటికి వెళ్లి, మైక్రోసాఫ్ట్ వర్చువల్ డీవీడీ-రామ్ అనే పరికరాన్ని నిషేధ జాబితాలో చేర్చాలి. ఈ గ్రూప్ పాలసీ ఎడిటర్ విండోస్ ప్రో, ఎడ్యుకేషన్ ఎడిషన్లలో ఉంటుంది, హోమ్ ఎడిషన్‌లో ఉండదు. బడికి కంప్యూటర్లు కొనేటప్పుడు హెచ్‌ఎం గారికి ఈ తేడా ఒక్క మాట చెబితే తర్వాత చాలా తలనొప్పి తగ్గుతుంది.

ఇరవై కంప్యూటర్లు, ఒక్క డిస్కు: లెక్క చూద్దాం

ఇమేజ్ ఫైళ్లు ఎక్కడ పెట్టాలి? ఒకే చోట పెట్టి అందరూ నెట్‌వర్క్ ద్వారా వాడుకోవాలా? లేక ప్రతి కంప్యూటర్‌లోనూ కాపీ పెట్టాలా? ఇది లెక్కతో తేలే ప్రశ్న.

ఒక సీడీ అంటే 700 ఎంబీ దాకా. మా పాత నెట్‌వర్క్ స్విచ్ సెకనుకి 100 మెగాబిట్లది, అంటే ఎంత బాగా నడిచినా సెకనుకి 12.5 ఎంబీ. ఒక కంప్యూటర్‌కి సీడీ మొత్తం కాపీ అవడానికి 56 సెకన్లు. బాగానే ఉంది కదా? అదే ఇరవై కంప్యూటర్లు ఒకేసారి లాగితే 14,000 ఎంబీ. 1,120 సెకన్లు, అంటే దాదాపు 19 నిమిషాలు. మా పీరియడ్ 45 నిమిషాలు. వరసలో రావడానికి, కూర్చోడానికి, లాగిన్ అవడానికి పది పోతాయి. ఇక పాఠానికి మిగిలేది ఎంత?

కాపీ చేయకుండా నెట్‌వర్క్ మీదే ఎక్కిస్తే కావలసిన ముక్కే వస్తుంది, మొత్తం డిస్కు రాదు. సీడీకి మామూలు వేగం, అంటే 1ఎక్స్, సెకనుకి 150 కేబీ. ఇరవై మందికీ కలిపి సెకనుకి 3 ఎంబీ. ఆడుతూ పాడుతూ నడుస్తుంది. కానీ 4ఎక్స్ వేగం ఆశించే వీడియో పాఠం అయితే ఒక్కొక్కరికి 600 కేబీ, మొత్తం 12 ఎంబీ. అంటే ఆ స్విచ్ గరిష్ఠ సామర్థ్యానికి దాదాపు అంచు. బొమ్మ ఆగి ఆగి కదులుతుంది.

అందుకే మేము రోజూ వాడే డిస్కుల ఇమేజ్‌లని ప్రతి కంప్యూటర్‌లోనూ పెట్టాం, అదీ సాయంత్రం బడి వదిలాక. ఎప్పుడో ఒకసారి వాడేవి సర్వర్‌లోనే ఉన్నాయి. ఇరవై సీడీలు కలిపినా 14 జీబీనే. ఈ రోజుల్లో హార్డ్ డిస్కుకి అదో లెక్క కాదు. ఐఎస్‌ఓని కంప్రెస్ చేసిన ఫోల్డర్‌లో మాత్రం పెట్టొద్దు, విండోస్ మౌంట్ చేయనంటుంది.

కొన్ని ల్యాబుల్లో ప్రతి రీస్టార్ట్‌కీ కంప్యూటర్‌ని పాత స్థితికి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. అలాంటప్పుడు వర్చువల్ డ్రైవ్ వేసేముందు దాన్ని ఆపాలి. వేసి, సెట్టింగులు చేసి, అప్పుడు మళ్లీ ఆన్ చేయాలి. లేదంటే పొద్దున వేసింది మధ్యాహ్నానికి ఉండదు. ఇమేజ్‌లని ఆ సాఫ్ట్‌వేర్ ముట్టుకోని పార్టిషన్‌లో పెట్టాలి.

చట్టం ఏమంటోంది?

"బడి కొన్న సీడీయే కదా, ఎన్ని కాపీలైనా తీసుకోవచ్చు" అని చాలామంది అనుకుంటారు. అంత స్వేచ్ఛ లేదు. మన 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(ఏఏ) ప్రకారం, చట్టబద్ధంగా కొన్న కంప్యూటర్ ప్రోగ్రామ్‌ని పోకుండా, పాడవకుండా కాపాడుకోవడానికి బ్యాకప్ తీసుకోవచ్చు. అది ఏ పనికోసం ఇచ్చారో ఆ పనికే వాడాలి. బీరువాలో డిస్కుకి ఇమేజ్ తీసి దాచడానికి ఇది అండ.

కానీ ఒక్క కంప్యూటర్‌కే లైసెన్స్ ఉన్న డిస్కుని ఇరవైలో నడపడం వేరే సంగతి. దానికి డిస్కుతో వచ్చిన లైసెన్స్ కాగితం చూడాలి. 'సైట్ లైసెన్స్' అనో, ఇన్ని కంప్యూటర్లకి అనో ఉంటే సరే. లేకపోతే ఇమేజ్‌ని ప్రొజెక్టర్ ఉన్న ఒక్క కంప్యూటర్‌లో ఎక్కించి క్లాసుకి చూపించడం మంచిది. కాపీ చేయకుండా డిస్కుకి తాళం వేసి ఉంటే, హక్కులు ఉల్లంఘించే ఉద్దేశంతో ఆ తాళం పగలగొట్టడం 2012 సవరణతో వచ్చిన సెక్షన్ 65ఏ కింద నేరం. ఆ అన్నయ్య పెన్‌డ్రైవ్‌లోని వైస్ సిటీ సంగతి ఇక మీకే అర్థమై ఉంటుంది.

డిస్కు ఎక్కింది.. పాఠం మాత్రం రాలేదు!

ఇదీ జరుగుతుంది. వర్చువల్ డ్రైవ్ చేసేది డిస్కుని చూపించడం వరకే. లోపలి ప్రోగ్రామ్ నేటి విండోస్‌లో నడుస్తుందా లేదా అన్నది దాని చేతిలో లేదు.

1990ల నాటి కొన్ని సీడీల్లో ఇన్‌స్టాలర్ 16-బిట్ రకం. 64-బిట్ విండోస్ వాటిని అసలు నడపదు. వీటి కోసం నెట్ కనెక్షన్ తీసేసిన ఒక పాత 32-బిట్ కంప్యూటర్‌ని మూలన ఉంచుకోవడం తేలిక దారి.

బ్రౌజర్‌లో తెరుచుకునే ఫ్లాష్ పాఠాలు ఇంకో రకం. అడోబీ 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్ ప్లేయర్‌కి సపోర్ట్ ఆపేసింది. అయితే అదే పాఠం డిస్కులో సొంతంగా నడిచే ప్రోగ్రామ్ రూపంలో ఉంటే చాలావరకు ఇప్పటికీ నడుస్తుంది. బ్రౌజర్ రకానికి రఫుల్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ కొంత సాయం చేస్తుంది.

మూడోది మన తెలుగువాళ్ల సొంత సమస్య. యూనికోడ్ అలవాటు కాకముందు చేసిన సీడీల్లో తెలుగు అక్షరాలు అప్పటి డీటీపీ ఫాంట్లతో ఉంటాయి. ఆ ఫాంట్ కంప్యూటర్‌లో లేకపోతే తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగలిసి పిచ్చిగీతల్లా కనిపిస్తాయి. "మేడం, ఇది ఏ భాషండీ?" అని పిల్లలు నవ్వుతారు. డిస్కులో ఫాంట్స్ అనే ఫోల్డర్ ఉందేమో వెతకండి. చాలాసార్లు అక్కడే ఉంటుంది. దాన్ని ఇన్‌స్టాల్ చేస్తే అక్షరాలు తిరిగొస్తాయి.

మా ల్యాబ్ గోడ మీద ఉన్న నియమాలు

1. వీడియో, పీడీఎఫ్ డిస్కులకి ఫోల్డర్ కాపీ చాలు. ప్రోగ్రామ్ సీడీ కావాలని మొండికేస్తేనే ఇమేజ్.

2. ల్యాబ్ మొత్తానికి ఒకే వర్చువల్ డ్రైవ్ సాఫ్ట్‌వేర్, ఒకే వెర్షన్, ఒకే డ్రైవ్ అక్షరం.

3. ముందు ఒక్క కంప్యూటర్‌లో వేసి వారం చూడాలి. తర్వాతే మిగతా పంతొమ్మిదింటిలో.

4. ఎక్కించేది టీచరే. బయటి పెన్‌డ్రైవ్‌లోని ఐఎస్‌ఓకి ప్రవేశం లేదు.

5. ఇమేజ్‌కి పేరు పెట్టేటప్పుడు తరగతి, సబ్జెక్టు, స్టాక్ నంబర్ ఉండాలి. 'న్యూ డిస్క్ 1' లాంటి పేర్లు వద్దు.

6. ఇమేజ్ తీయగానే దాని ఎస్‌హెచ్‌ఏ-256 విలువ రిజిస్టర్‌లో రాయాలి. కాపీ సరిగ్గా వచ్చిందో, ఎవరైనా మార్చారో ఆ విలువ పోల్చితే తెలిసిపోతుంది. విండోస్‌లోనే దీనికి ఆదేశం ఉంది.

7. అసలు డిస్కు కవర్‌లో పెట్టి, నిలువుగా, ఎండ తగలని చోట దాచాలి. ఇమేజ్ ఉంది కదా అని పారేయొద్దు. లైసెన్స్‌కి సాక్ష్యం అదే.

8. ఇమేజ్‌లకి ఇంకో కాపీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో, ల్యాబ్ బయట, వేరే గదిలో ఉండాలి.

ఇందులో ఖర్చున్న పని ఎనిమిదోది ఒక్కటే. ట్రే లేని ల్యాబ్ అయితే ఇమేజ్‌లు తీయడానికి యూఎస్‌బీతో పెట్టుకునే డీవీడీ డ్రైవ్ ఒకటి కావాలి. ల్యాబ్ మొత్తానికి అది ఒక్కటి చాలు.

మీరేం చేయొచ్చు?

"ఇప్పుడు దీక్షా యాప్ ఉంది, యూట్యూబ్ ఉంది. ఈ పాత డిస్కుల గోల ఎందుకు?" అని అడగొచ్చు. 2017లో మొదలైన దీక్షాలో మంచి పాఠాలు ఉన్నాయి, మేమూ వాడుతున్నాం. కానీ ఇరవై కంప్యూటర్లలో ఒకేసారి వీడియో నడిచేంత నెట్ అన్ని బళ్లకీ లేదు. ఇమేజ్‌కి నెట్ అక్కర్లేదు. పైగా వీడియో చూడటం వేరు, పిల్లాడు తానే మౌస్ పట్టుకుని తక్కెడలో రాళ్లు మార్చి, తప్పు చేసి, మళ్లీ చేసి నేర్చుకోవడం వేరు. ఆ పాత సీడీల్లో ఉన్నది రెండో రకం. అదీ తెలుగులో.

మీలో చాలామందికి మా టీచర్లకంటే కంప్యూటర్ బాగా తెలుసు. డిగ్రీ, బీటెక్ చదువుతున్నవాళ్లు సెలవులకి ఊరొచ్చినప్పుడు మీ బడికి వెళ్లి, హెచ్‌ఎం గారి అనుమతి తీసుకుని, ఒక్క పూట కేటాయించండి. డిస్కులు తుడిచి, చదివేవాటికి ఇమేజ్ తీసి, పేర్లు పెట్టి, రిజిస్టర్ రాసి ఇవ్వండి. గీతలు పడి ఒక డ్రైవ్ చదవని డిస్కుని ఇంకో డ్రైవ్ చదవొచ్చు, కాబట్టి ఒక్కసారికే వదిలేయకండి. ఇంట్లో అక్కో బాబాయో దాచిన తెలుగు పాఠాల సీడీలు ఉంటే వాటినీ ఓసారి చూడండి. ఈ ఏడాది చదివే డిస్కు వచ్చే ఏడాది చదువుతుందన్న గ్యారంటీ లేదు. ఇమేజ్ తీయడానికి పట్టేది డిస్కుకి పది నిమిషాలు. వేసవి సెలవులు దానికి సరైన టైమ్.